వచ్చే నెల నుంచి మా ఆటల గదిలో బహుమతులు ఉండవు

పిల్లలను మా దగ్గరికి పంపుతున్న అమ్మానాన్నలందరికీ నమస్కారం. ఓడిపోయినవాళ్లు ఏడుస్తూ ఇంటికొస్తున్నారు, అందరికీ బహుమతి ఇవ్వండి అని మీలో చాలామంది అడిగారు. బాగా ఆలోచించాం. అందరికీ ఇవ్వడం లేదు. గెలిచినవాళ్లకు ఇవ్వడం కూడా మానేస్తున్నాం.

బహుమతి బల్ల మీద ఉన్నంతసేపూ చిన్నపిల్లల కళ్లు దాని మీదే. అది లేకపోతే ఓటమి ఆటతోనే పోతుంది, వస్తువు చేజారిందన్న బాధ తోడవదు. కానీ ఓటమినే లేకుండా చేయమంటే మాత్రం చేయలేం. దాన్ని తట్టుకోవడం అలవాటయ్యేది ఓడినప్పుడే.

వైకుంఠపాళిలో పై వరుస దాకా వెళ్లిన కాయను పాము మింగిందనుకోండి. పెదవి వణుకుతుంది, చెయ్యి బోర్డు మీదికి వెళ్తుంది, మరుక్షణం కాయలన్నీ చెల్లాచెదురు. పెద్దవాళ్లకు అది మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. నాలుగేళ్లవాళ్ల నుంచి ఎంత నిగ్రహం ఆశించగలం? పైగా పాచిక ఎలా పడుతుందో ఎవరి చేతిలోనూ లేదన్న సంగతి ఆ వయసుకి సరిగ్గా అర్థం కాదు. తనకు ఆడటం రాకే పాము మింగిందనుకునే పిల్లలున్నారు. అలాంటప్పుడు "ఆటే కదా, ఏడవకు" అంటే ఏడుపు ఇంకా పెరుగుతుంది. మా టీచర్లు పక్కన కూర్చుని "అంత పైకెళ్లి కిందికి రావడం బాధగానే ఉంటుంది" అని ఊరుకుంటారు. ఊపిరి కుదుటపడ్డాకే మిగతా మాటలు.

ఆరేళ్లలోపు వాళ్లకు ఇక అన్నీ పొట్టి ఆటలే. ఐదు నిమిషాల్లో ఆట ముగిస్తే గంటలో గెలుపూ ఓటమీ రెండూ చాలాసార్లు వచ్చిపోతాయి. అందరూ ఒకే జట్టుగా ఆడే ఆట కూడా రోజుకొకటి ఉంటుంది. ఎవరైనా తొండి ఆడితే నలుగురిలో పరువు తీయం, పాచిక మళ్లీ వేయిస్తాం.

ఇంట్లో కావాలని ఓడిపోవడం గురించి కూడా అడుగుతున్నారు. ఎప్పుడైనా ఒకసారైతే ఫర్వాలేదు. రోజూ వద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు. చెస్‌లో అయితే మీ మంత్రిని ముందే పక్కన పెట్టి, తర్వాత నిజంగా ఆడండి. బలాలు సమానం కానప్పుడు ఇలా కొన్ని పావులు వదిలి ఆడటం చెస్‌లో పాత పద్ధతే. అప్పుడు గెలిస్తే అది పిల్లల సొంత గెలుపు.

మెచ్చుకునే తీరూ ముఖ్యమే. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో, తెలివైనవాళ్లని పొగిడించుకున్న పిల్లలు కష్టమైన పజిళ్లలో తప్పాక త్వరగా డీలా పడ్డారు. కష్టపడ్డారని మెప్పు పొందినవాళ్లు పట్టువదల్లేదు. అందుకే మేము "గుర్రాన్ని ముందే వెనక్కి తీశావు, బాగా చూశావు" అని చేసిన పనినే చెబుతాం.

మొదట్లో కొన్ని వారాలు ఏడుపులు ఇప్పటిలాగే ఉంటాయి. ఈ పద్ధతి నచ్చనివాళ్లకు మిగిలిన ఫీజు వెనక్కిచ్చేస్తాం, మొహమాటపడకండి. కొనసాగేవాళ్లు ఒక్క సాయం చేయండి: మీ పాపో బాబో ఏ ఆటలో ఓడితే ఎక్కువగా తల్లడిల్లుతారో దింపేటప్పుడు చెప్పండి. మొదటివారం ఆ ఆట వాళ్ల ముందు పెట్టం.