చప్పట్ల కోసం ఆగిన చోట్లు

చిన్నీ,

నువ్వు పంపిన నమూనా కాలమ్ పైకి చదివాను. మూడు చోట్ల చప్పట్ల కోసం ఆగాను. గదిలో నేనొక్కడినే ఉన్నాను. ఆరేళ్ళు ఒక నాయకుడి నోటికి సరిపడా ఉపన్యాసాలు రాసిన చెయ్యి కదా నీది, అలవాటు అంత తొందరగా పోదులే.

ఉపన్యాసాలు మాని పత్రికలో కాలమ్ రాసే ఉద్యోగానికి నువ్వు మారుతున్నందుకు నాకు టెన్షన్ లేదు. ఈ దారిలో నీకంటే ముందే నడిచినవాళ్ళున్నారు. విలియం సఫైర్ సంగతే చూడు, అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ఉపన్యాసాలు రాసేవాడు. 1969 జూలైలో అపోలో 11 వెళ్తున్నప్పుడు, చంద్రుడి మీద దిగిన ఇద్దరూ తిరిగి రాలేకపోతే అధ్యక్షుడు ఏం మాట్లాడాలో ముందే రాసిపెట్టాడు. ప్రసంగానికి ముందు వాళ్ళ భార్యలకు ఫోన్ చెయ్యాలనీ, నాసా వాళ్ళతో మాటలు ఆపేశాక సముద్రంలో అంత్యక్రియలు చేసే పద్ధతిలో మతగురువు ప్రార్థన చెయ్యాలనీ కూడా అందులో ఉంది. వాళ్ళు క్షేమంగా వచ్చారు, కాగితం ఫైల్లోకి పోయింది. ఆయన రాసినవాటిలో నాకు అదే ఇష్టం.

మరుసటి ఏడాది ఉపాధ్యక్షుడు యాగ్న్యూ కోసం, వంకలు పెట్టేవాళ్ళ మీద 'నాటరింగ్ నబాబ్స్ ఆఫ్ నెగటివిజమ్' అని రాసిచ్చాడు. నకారంతో మూడు దెబ్బలు (ప్రతిదానికీ కాదంటూ వాగే నవాబులని అర్థం, ఆ నబాబు మన నవాబే). పత్రికలను తిట్టిన మాటగానే అది నిలిచిపోయింది. అలాంటివాడు 1973లో న్యూయార్క్ టైమ్స్‌లో కాలమిస్టుగా చేరితే లోపలివాళ్ళు ముఖం చిట్లించకుండా ఉంటారా? అదే ఏడాది ఇంకో సంగతి బయటపడింది. తాను వైట్‌హౌస్‌లో పనిచేస్తుండగానే తన ఫోన్‌ను సొంత ప్రభుత్వమే రహస్యంగా వినిందట! ఆ కోపం దాచుకోలేదు, రాశాడు. 1978లో పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, 2005 దాకా ఆ కాలమ్ నడిచింది.

నీ కాలమ్‌లో నాకు కనబడనిది అలాంటి సొంత గొంతే. ఎనిమిది పేరాల్లో 'మనం' ఇరవైసార్లు వచ్చింది, 'నేను' ఒక్కసారీ రాలేదు. సభలో 'మనం' అంటే జనం దగ్గరవుతారు. పేపర్లో అదే మాట చూస్తే, ఈవిడ ఎవరి తరఫున మాట్లాడుతోంది అని అడుగుతారు. పైగా వినేవాడు వెనక్కి వెళ్ళలేడు కాబట్టి ఉపన్యాసంలో ఒకే మాట మూడుసార్లు చెప్తాం. చదివేవాడికి రెండోసారికే విసుగొస్తుంది.

నేను పత్రిక డెస్క్‌లో ఉండగా ఒకాయన, పేరెందుకులే, నాయకుడికి రాస్తూనే మాకూ కాలమ్ ఇచ్చేవాడు. తాను రాసిచ్చిన ఉపన్యాసాన్నే ఒకసారి కాలమ్‌లో మెచ్చుకున్నాడు. ప్రూఫ్‌లో నాకు అనుమానం వచ్చింది, పెద్దవాడు కదా అని ఊరుకున్నాను. రెండు వారాలకు ఒక పాఠకుడు ఆ రెండు కత్తిరింపులూ పక్కపక్కన అంటించి పంపాడు. ఇప్పటికీ ఆ కాగితం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అందుకే మొదటి కాలమ్‌లోనే ఎవరి దగ్గర పనిచేశావో రాసెయ్. మూసిన తలుపుల వెనక విన్నవి మాత్రం అక్కడే వదిలెయ్. రేపు మీ నాయకుడు తప్పు చేస్తే, నువ్వే రాయాల్సి వస్తుంది. ఆ రోజు ఆయన నీకు ఫోన్ చేస్తాడు కూడా.

నాలుగో పేరాలో మూడోసారి వచ్చిన 'ఆ రోజు వస్తుంది' కొట్టేశాను. మిగతా రెండిట్లో ఏది ఉంచాలో నువ్వే చూసుకో. ఎర్ర సిరాతో దిద్దిన కాగితం ఫోటో తీసి పంపిస్తున్నాను.

నాన్న