పేరు చెప్పని మా సీనియర్ అన్నకు

మా నాన్నకు డెంగీ వచ్చి, చెన్నైలో ఆసుపత్రిలో ఉండగా ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. ఆ ఊళ్లో మాకు తెలిసినవాళ్లు లేరు. దాత కోసం టెన్షన్‌తో ఫోన్లు చేస్తుంటే, నా తెలుగు విని మీరే దగ్గరికొచ్చారు. మాటల్లో నాది వరంగల్ ఎన్‌ఐటీ అని తెలియగానే, మన కాలేజీ పాత పేరుతో "మాది ఆర్‌ఈసీ రోజులు తమ్ముడూ, పద" అన్నారు. అదృష్టం, గ్రూపు కూడా కలిసింది. మీది ఏ బ్యాచ్ అని అడిగే ధ్యాస కూడా నాకు లేకపోయింది.

ప్లేట్‌లెట్లు ఇవ్వడం మామూలు రక్తదానంలా పది నిమిషాల్లో అయ్యేది కాదు. యంత్రం రక్తం తీసి, ప్లేట్‌లెట్లు వేరుచేసి, మిగతాది తిరిగి ఒంట్లోకి పంపడానికి గంటకు పైనే పడుతుంది. చేతికి సూది ఉన్నంతసేపూ మీరు కాజీపేట స్టేషన్ గురించి, హాస్టల్ మెస్ గురించి మాట్లాడుతూ నాకే ధైర్యం చెప్పారు.

1959లో మొదలైన మన కాలేజీ 2002లో ఎన్‌ఐటీ అయింది. మన సర్టిఫికెట్ల మీద పేర్లు కూడా ఒకటి కాదు. అయినా నన్ను సొంత తమ్ముడిలా చూశారు. నాన్న కోలుకుని ఇంటికొచ్చారు. మిమ్మల్ని భోజనానికి పిలవమని అమ్మ రోజూ అడుగుతోంది. ఇది మీ కంటపడితే కబురు పెట్టండన్నా.