గమ్ము పాత్ర గొడవ: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా, నేను జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే ఒక ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. పద్నాలుగేళ్ల సర్వీసులో చాలా మెమోలు రాశాను. అందులో ఒకటి రాయాల్సిన అవసరమే రాకుండా చూసుకోవాల్సింది. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మా దగ్గర పెట్టె అంచులు అతికించే మెషిన్ ఒకటుంది. దాని గమ్ము పాత్రని షిఫ్ట్ దిగేవాడు కడిగి వెళ్లాలి. కడగకపోతే గమ్ము గట్టిపడి రోలర్‌కి పట్టేస్తుంది. గీకి తియ్యడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ ఎక్కేవాడి టార్గెట్‌లోంచి పోతాయి. అలాగని దిగేవాడిదీ తప్పనలేం. అతనికీ చివరి నిమిషం దాకా టార్గెట్ ఉంది, రెండు దాటితే కంపెనీ బస్సు వెళ్లిపోతుంది.

ఏ షిఫ్ట్, బి షిఫ్ట్ ఆపరేటర్లిద్దరూ మూడు నెలల పాటు దీని మీదే మాటామాటా అనుకున్నారు. ఇద్దరూ నా దగ్గరికి వచ్చి చెప్పారు కూడా. "మీలో మీరు చూసుకోండయ్యా" అన్నాను. ఒక రోజు కాలర్లు పట్టుకున్నారు. అప్పుడు తీశాను పెన్ను.

ఇద్దరికీ సస్పెన్షన్, ఛార్జిషీట్, డొమెస్టిక్ ఎంక్వైరీ (అంటే కంపెనీ లోపల జరిపే విచారణ). ఎవరు ముందు చెయ్యి వేశారన్నదే అక్కడ ప్రశ్న. గమ్ము మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సగం జీతంతో ఇల్లు గడవక ఒకతను రాజీనామా ఇచ్చి వెళ్లిపోయాడు. అతని చోట వచ్చిన కుర్రాడు వారం తిరక్కుండానే "సార్, ఈ గమ్ము..." అంటూ నా ముందు నిలబడ్డాడు. అప్పుడుగానీ బుర్ర వెలగలేదు. షిఫ్ట్ చివర్లో కడగడానికని పది నిమిషాలు ఇచ్చి, ఆ మేరకు టార్గెట్ తగ్గించాం. గొడవ పోయింది. మనిషి కూడా పోయాడు, అది వేరే సంగతి.

ఇలాంటివి వినడానికి చట్టంలో చోటు లేదా అంటే, ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కొత్త కేంద్ర చట్టం ప్రకారం 20 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న ప్రతిచోటా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సభ్యులు 10 మందికి మించకూడదు, యాజమాన్యం వాళ్లూ కార్మికులూ చెరిసగం. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. కార్మిక సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుంటేనే నిర్ణయం చెల్లుతుంది. పాత చట్టంలోనూ ఇలాంటి కమిటీ ఉండేది. (జీతం నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్ ఈ కోడ్ లెక్కలో కార్మికుడు కాదు కాబట్టి, నా బాధ చెప్పుకునే చోటు మాత్రం ఇది కాదు.)

మా నోటీసు బోర్డు మీదా కమిటీ కాగితం ఉంది, ఇంగ్లీషులో. అందులో ఉన్న ప్యాకింగ్ అక్కని "మీరు మెంబరట కదా" అని అడిగితే "ఎందులో అన్నా?" అంది. అందులో పేరున్న ఇంకొకాయన రిటైరై ఊరెళ్లిపోయాడు. కాంట్రాక్ట్ మనుషులు ఏదైనా చెప్పుకోబోతే "మీ కాంట్రాక్టర్‌ని అడుక్కోండి" అంటారు. మా లైన్‌లో సగం మంది వాళ్లే.

మీ అధికారులు వచ్చినప్పుడు రిజిస్టర్ చూసి వెళ్తారు. రిజిస్టర్‌లో ఫిర్యాదుల పేజీ ఖాళీగా ఉంటే అంతా బాగున్నట్టు లెక్క. వందల మంది పనిచేసే చోట ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, నాకైతే అక్కడే అనుమానం వస్తుంది. అలాంటి ఫ్యాక్టరీలకే ముందు వెళ్లమని చెప్పండి. సభ్యుల పేర్లూ, ఏ షిఫ్ట్‌లో దొరుకుతారన్నదీ తెలుగులో, హిందీలో, మా ఒడియా కుర్రాళ్ల కోసం ఒడియాలో రాయించండి. నాలాంటి సూపర్‌వైజర్లకు మెమో రాయడం అందరూ నేర్పారు, మనిషి చెప్పేది వినడం ఎవరూ నేర్పలేదు. ఒక్క రోజు దానికి కూడా శిక్షణ పెట్టించండి.

మీ ఆఫీసరు గారిని ఆఫీసు గదికి కాకుండా, మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్ట్ మారేటప్పుడు గేటు బయట టీ బండి దగ్గరికి పంపండి. ఫైలు అక్కర్లేదు. దిగే పది మందిని ఆపి, "మీ కమిటీలో ఎవరున్నారు?" అని అడగమనండి. త్వరగా అడగాలి సార్, బస్సు ఆగదు.

ఇట్లు,
ఒక షిఫ్ట్ సూపర్‌వైజర్
జీడిమెట్ల