ఆదివారం ఆకలికి సెలవు లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

అన్న క్యాంటీన్‌లో అయిదు రూపాయలకే దొరికే భోజనం పేదలకు ఎంత ఆసరానో ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లను అడిగితే తెలుస్తుంది. అయితే ఆదివారం ఆ క్యాంటీన్లకు సెలవు. సరిగ్గా ఆ రోజే మా చర్చిలు నిండిపోతాయి. ఈ రెండింటినీ కలిపి ఆలోచించి, ఆదివారాల్లో ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు మన చర్చిలే అన్నం పెట్టాలని తోటి క్రైస్తవులను అడగడానికే ఈ ఉత్తరం.

మొన్నామధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా వీధి అమ్మాయి కాన్పయితే చూడటానికి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. పక్క మంచం దగ్గర ఒక పల్లెటూరి పెద్దావిడ ఉంది. బాలింత కూతురు తన పళ్లెంలో అన్నం సగం తీసి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి, ‘‘పాలు పడాలి, నువ్వే తినమ్మా. నేను టీ తాగాలే’’ అంటోంది. రోగికి భోజనం వస్తుంది, వెంట వచ్చినవాళ్లకు రాదు. బయట హోటల్లో రెండు పూటలా కొనుక్కు తినే స్తోమత వాళ్లకు ఎక్కడిది?

మా సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు దేవుడికని ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఇంట్లో గింజలు నిండుకున్న రోజు కూడా మా అమ్మ ఆ పిడికెడు మానలేదు. ఇప్పుడు చాలాచోట్ల ఆ బియ్యం అమ్మేసి బిల్డింగ్ ఫండ్‌లోనో సౌండ్ సిస్టమ్ ఖర్చులోనో కలిపేస్తున్నారు. మందిరం కట్టుకోవద్దని నేననను. కానీ దేవుడి పేరున తీసిన బియ్యం ముందు ఆకలిగొన్నవాళ్ల కడుపులోకే వెళ్లాలి. ‘నేను ఆకలిగొంటిని, మీరు నాకు భోజనము పెట్టితిరి’ అని మత్తయి 25లో ప్రభువు చెప్పింది తీర్పు దినం గురించి. అంతకంటే గట్టిగా ఇంకెవరు చెప్పాలి?

అన్నం పెడితే మతం మార్చడానికే అంటారేమోనని కొందరు పెద్దలు జంకుతున్నారు. దానికి జవాబు మన ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. వాళ్లలో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. ఆ తర్వాతే 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకెనే చెప్పుకుంటారు. నాకు మాత్రం అన్నిరోజులు ఆయన ఆగడమే గొప్పగా అనిపిస్తుంది.

కాబట్టి వడ్డించే చోట మైకు, కరపత్రాలు, బ్యానర్లు, ఫొటోలు వద్దేవద్దు. ఏ కులం, ఏ మతం అని ఎవర్నీ అడగొద్దు.

క్రిస్మస్ ప్రేమవిందుకు వాడే గుండిగలు, గరిటెలు చాలా మందిరాల్లో ఏడాది పొడవునా మూలన పడుంటాయి. వండే చేతులకూ కొదవ లేదు. ఆసుపత్రి అధికారుల అనుమతి తీసుకుని వేడన్నం, పప్పు, ఉడికించిన గుడ్డు, మజ్జిగ ఇస్తే చాలు. నెలలో మొదటి ఆదివారం వండటానికి మా స్త్రీల సమాజం ఒప్పుకుంది. ప్రభువు చివరి విందును తలచుకుంటూ మేం రొట్టె విరిచే ఆదివారం కూడా అదే. మిగతా ఆదివారాలు ఏయే సంఘాలు తీసుకుంటాయో క్రిస్మస్ హడావుడి మొదలవకముందే పాస్టర్లు, సంఘ పెద్దలు కూర్చుని తేల్చాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఒంగోలు