అధ్యక్షా, ఒక్క నిమిషం!

అధ్యక్షా!

నీ రెండు ఉత్తరాలూ బల్ల మీదే ఉన్నాయి. ఆలస్యానికి క్షమించమంటే "సంజాయిషీ రికార్డుల్లోకి వెళ్లదు" అంటావు, అందుకే అడగను. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. నల్లకుంట ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. నా ఉద్యోగం సంగతి అడగకు.

అసలు సంగతి వేరే ఉంది. మా అన్నయ్య కూతురు తెలుసుగా, ఇందిరా పార్కు దగ్గర ధర్నా అంటే చాలు, తిండి మానేసి పరిగెత్తే పిల్ల. వాళ్ల కాలేజీలో నమూనా శాసనసభ పెట్టి దాన్నే స్పీకర్‌ను చేశారు. "బాబాయ్, ఇన్నాళ్లూ కుర్చీ మీద అరిచినదాన్ని, ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఏం చేయాలి?" అంటుంది.

నాకు వెంటనే దక్షిణాఫ్రికా స్పీకర్‌గా చేసిన ఫ్రెనె జిన్‌వాలా గుర్తొచ్చింది. 2023 జనవరిలో ఆమె పోయినప్పుడు చదివాను, అప్పటి నుంచీ నీకు రాయాలనే ఉంది. జొహానెస్‌బర్గ్‌లో పుట్టిన పార్సీ ఆవిడ. 1960లో నల్లవాళ్ల నిరసన మీద పోలీసులు జరిపిన షార్ప్‌విల్ కాల్పుల తరువాత వాళ్ల ఉద్యమ నాయకుడు ఆలివర్ టాంబో దేశం దాటి వెళ్లడానికి తోడ్పడిన వాళ్లలో ఒకరు. ఆ తరువాత మూడు దశాబ్దాల ప్రవాసం. టాంజానియాలోని దారుస్సలాంలో పత్రికలు నడిపింది, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసింది, తిరిగొచ్చి మహిళా సంఘాలన్నిటినీ ఒక్క వేదిక మీదికి తెచ్చింది. 1994లో నల్లవాళ్లు మొదటిసారి ఓటేసి ఎన్నుకున్న 400 మంది సభకు తొలి స్పీకర్ ఆమే. 2004 దాకా ఆ కుర్చీలోనే. అంతకుముందు ఆ పార్లమెంటులో తెల్లవాళ్లకో సభ, కలర్డ్ అని పిలిచే మిశ్రమ జాతివాళ్లకో సభ, భారతీయులకో సభ. నల్లవాళ్లకు ఏదీ లేదు. అలాంటి చోట చీర కట్టుకున్న ఆవిడ సభాపతిగా కూర్చుంది! ఇదంతా చెబుతుంటే పిల్ల కళ్లు ఇంత చేసుకుని వింది.

అక్కడితో ఆపవలసింది, కానీ నా నోరు ఊరుకోదు కదా. ప్యాట్రీషియా డి లిల్ కేసు కూడా చెప్పాను. 1997లో ఈ ప్రతిపక్ష సభ్యురాలు పాలకపక్షంలో కొందరు పాత తెల్లవాళ్ల ప్రభుత్వానికి గూఢచారులుగా పనిచేశారని సభలోనే పేర్లు చదివింది. వెనక్కి తీసుకోమంటే తీసుకుంది. అయినా పాలకపక్షం మెజారిటీ ఉన్న కమిటీ వేసి, 15 పనిదినాలు సస్పెండ్ చేశారు. ఆమె కోర్టుకెక్కింది. అప్పుడు మన జిన్‌వాలా ఏం చేసిందో తెలుసా? ఇది సభా హక్కుల వ్యవహారం, విచారణ ఆపండి అంటూ కోర్టుకు ధ్రువపత్రం పంపింది. ఏ చట్టం కింద? 1963 చట్టం! తనను దేశం బయట ఉంచిన పాలకులు చేసుకున్న చట్టం! హైకోర్టులో ఓడింది, అప్పీలుకు వెళ్లి 1999లో అక్కడా ఓడింది. సభ కూడా రాజ్యాంగానికి లోబడే ఉండాలని తేల్చారు. ఆ మాట చెప్పే రాజ్యాంగం కోసమే కదా ఆవిడ జీవితమంతా పోరాడింది! నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "మనవాడు కుర్చీ ఎక్కితే చాలు" అని నువ్వు హాస్టల్లో అనేవాడివి గుర్తుందా? పప్పుచారు తీర్మానం రోజున నన్ను బయటికి గెంటించావు కూడా, గిన్నెగాడు సాక్షి.

సరే, పిల్ల కాలేజీ నమూనా సభ పోటీ సంగతి. నేను వెనక వరుసలో కూర్చున్నాను. ఒక కుర్రాడు లేచి, హాస్టల్ మెస్ కాంట్రాక్టులో వాటాలు తీసుకున్న "మంత్రులు" అంటూ కాగితం తీసి పేర్లు చదివేశాడు. గోల. మన పిల్ల వెనక్కి తీసుకోమంది, తీసుకున్నాడు. అయినా అధికారపక్షం పిల్లలు సస్పెన్షన్ తీర్మానం పెట్టారు. పిల్ల నా వైపు ఒక్క చూపు చూసి, కళ్లజోడు సర్దుకుని, "వెనక్కి తీసుకున్న మాటకు శిక్ష వేయవచ్చని నియమావళిలో ఎక్కడుందో చదవండి" అంది. వాళ్లు కాగితాలు తిరగేశారు. లేదు. "అయితే తీర్మానం చెల్లదు. కూర్చోండి."

నేను చప్పట్లు కొట్టబోయి ఆగాను. గ్యాలరీలో కొట్టకూడదుగా!

బహుమతి మాత్రం రాలేదు. సభను అదుపు చేయలేకపోయిందని మార్కులు తగ్గించారు. నేను ఊరుకోక ఆ నిర్ణేతతో వాదనకు దిగాను. పెద్దాయన శాంతంగా ఒక ప్రశ్న వేశాడు: "మెజారిటీ పెట్టిన తీర్మానాన్ని ఓటింగుకే పెట్టకుండా కొట్టేసిన స్పీకరూ అధికారం చెలాయించినట్లేగా?" నాకు వెంటనే జవాబు తోచలేదు. 1999 ఏప్రిల్లో ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీగా ఉన్న గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న గొడవొస్తే లోక్‌సభ స్పీకర్ మన బాలయోగి గారు ఆయన మనస్సాక్షికే వదిలేశారు, వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది అని ఏదో అన్నాను. అది ఈ ప్రశ్నకు జవాబు కాదని నాకూ తెలుసు. కానీ పిల్ల అడిగింది నియమం గురించి, తన ఇష్టం గురించి కాదు, ఆ తేడా ఆయనకు ఎలా

కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడ్డాడు, ఇవాళ పోకపోతే సోమవారమే అంటున్నాడు. నువ్వయితే ఏ రూలింగు ఇచ్చేవాడివో రాయి. పచ్చడి జాడీ విడిగా