ఆ దీపం ఆరిందా?

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నయం. మూడు వారాలుగా నీ ఫోన్ లేదు, పనుల్లో ఉంటావులే అనుకుంటున్నాం. మొన్న తమ్ముడే మాటల్లో జారవిడిచాడు. కార్లోకి నీళ్లు చేరి కార్పెట్ తడిసిందట. డ్రైవర్ సీటు నువ్వే విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించావట. అప్పట్నుంచి డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతూనే ఉందట. ఆదివారం రెండో సీటు కూడా విప్పుతావట. వాడు కాస్త ఎక్కువ చేసి చెప్పాడో ఏమో.

వానలు తగ్గాయా? నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో ముందు చూడు. సన్‌రూఫ్ గొట్టాలు పూడుకుపోయాయా, ఏసీ నీళ్లు బయటికి పోయే పైపు మూసుకుపోయిందా, తలుపు రబ్బరు చిరిగిందా? కారణం దొరక్కుండా కార్పెట్ ఎంత ఆరబెట్టినా నెల తిరక్కుండా మళ్లీ ఇదే పని. పైన పొడిగా అనిపించినా కింద స్పాంజి రోజుల తరబడి తడిగానే ఉంటుంది, చెయ్యి లోపలికి పెట్టి చూడు.

సీటు విప్పడం నీకు రాదని కాదమ్మా. ఆ సీటు పక్కదిమ్మలో ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. బెల్టు బకిల్‌కి మందుతో పేలి బిగుసుకునే ప్రిటెన్షనర్ ఉండొచ్చు. ముందు పక్క సీటు కుషన్‌లో అయితే మనిషి కూర్చున్నదీ లేనిదీ పసిగట్టే సెన్సర్ కూడా. పసుపు కనెక్టరు కనిపించిందా, అది ఎయిర్‌బ్యాగ్‌దనే అనుకో. దానికి కరెంటు కొలిచే మల్టీమీటర్ మాత్రం పెట్టకు, ఆ కొద్దిపాటి కరెంటుకే పేలవచ్చు.

ఆదివారం నాటికి ఇది గుర్తుంచుకో. బ్యాటరీ ఊడదీయకముందే బోల్టులు విప్పెయ్యి, ఎందుకంటే కరెంటు సీటైతే తర్వాత జరగదు. సీటు పూర్తిగా ముందుకి జరిపి వెనక రెండూ, వెనక్కి జరిపి ముందు రెండూ. వాటి మీద ప్లాస్టిక్ మూతలుంటాయి. కొన్ని కార్లలో 14 మిల్లీమీటర్ల బోల్టు, కొన్నింట్లో టీ-50 స్టార్ బిట్ (నక్షత్రం ఆకారపు మొన). టీ-45 కూడా దూరుతుంది గానీ గాడి అరిగిపోతుంది, తర్వాత బోల్టు రాదు. నాలుగూ వచ్చాక సీటు నడిమధ్యకి తెచ్చి, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పక్కకి కట్టెయ్యి. బ్యాటరీ డిక్కీలో ఉంటే ఆ తలుపు మూయకు. ఆ తర్వాత పది నిమిషాలు ఆగు. ఎయిర్‌బ్యాగ్‌ని నడిపే పెట్టెలో కొంత విద్యుత్తు నిలవ ఉంటుంది, అది దిగాలి. అప్పుడే కనెక్టర్ల లాకు నొక్కి తియ్యి. తీగ పట్టి లాగకు.

సీటు ఒక్కదానివే మోయకు. 20 నుంచి 30 కిలోల దాకా ఉంటుంది. హెడ్‌రెస్ట్ తీసెయ్యి, కారు గుమ్మం మీద మందపాటి దుప్పటి పరుచు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టా, అదే రైలు, అంచులు కోసేస్తాయి, గ్లవ్స్ వేసుకో. బయటికొచ్చాక సీటు జరిపే లీవర్ ముట్టుకోకు.

లీవర్ సంగతి ఎందుకంటే, మీ బాబాయి చేసింది నీకు తెలియదు. సీటు బయట పెట్టి శుభ్రం చేస్తూ లీవర్ పైకి లాగాడు. ఎడమ రైలు గాడి పళ్లలో ఒక పన్ను ముందుకి జరిగింది, కుడిది అలాగే ఉండిపోయింది. చూసుకోకుండా లోపల పెట్టాడు. మూడు బోల్టులు దొరికాయి, నాలుగోది బెజ్జానికి సరిగ్గా రాలేదు. అప్పటికే ఆ మూడూ గట్టిగా బిగించేశాడు! వంకరగా ఎక్కిన ఆ బోల్టుని పొడుగు పైపు వేసి తిప్పాడు. నేలకి వెల్డ్ చేసిన నట్టు మరలు చెడిపోయాయి. బయటికి బిగుసుకున్నట్టే ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా కిర్రుమంటే స్పాంజి శబ్దం అనుకున్నాడు. పిన్ని పట్టుబట్టి చూపిస్తే, ఆ బోల్టు చేత్తోనే ఊడొచ్చింది. మరలు కొత్తగా కోయించి లోపల ఇన్సర్టు (కొత్త మరలున్న గొట్టం) వేయించాల్సి వచ్చింది. ఆ సీట్లోనే అన్నాళ్లూ పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని తిరిగారు.

కాబట్టి రెండు రైళ్లూ ఒకే పన్నులో ఉన్నాయో లేదో ముందు చూడు. కనెక్టర్లన్నీ టక్కుమనేదాకా పెట్టాకే బోల్టులు. నాలుగూ చేత్తో రెండు మూడు చుట్లు తిరిగాక రెంచ్ ముట్టుకో. ఎంత బిగువు అన్నది నీ కారు సర్వీసు పుస్తకంలో ఉన్నంతే, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో. ఒకసారి వాడి పారెయ్యమన్న బోల్టులైతే కొత్తవి వెయ్యి. బ్యాటరీ తీగ తిరిగి పెట్టేటప్పుడు కార్లో ఎవరూ ఉండకూడదు, పాప అసలు దగ్గర్లోనే ఉండకూడదు.

ఇంతకీ ఆ దీపం. కీ తిప్పగానే వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరలేదంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు. కనెక్టరు ఊడి ఉండగా ఎప్పుడైనా ఇగ్నిషన్ తిప్పావా? తిప్పితే కారు లోపం కోడ్ రాసేసుకుంటుంది, బ్యాటరీ తీసిపెట్టినా చాలా కార్లలో చెరగదు. ఆ కోడ్‌లు చదివే పరికరాల్లో చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చదివే స్కానర్ ఉన్నవాళ్లకి చూపించు. అంతకన్నా ముందు సీటు కింద పసుపు కనెక్టరు సగంలో ఆగిందేమో చూడు, అదీ బ్యాటరీ తీసి పది నిమిషాలు ఆగాకే.

దీపం ఆరేదాకా పాపని ఆ కార్లో ఎక్కించకు. ఎక్కించావా ఇప్పటికే? పాప సీటు కట్లు కూడా మళ్లీ లాగి చూడు.

మోకాళ్ల కింద ఏదైనా మెత్త వేసుకో, గంటల తరబడి మోకాళ్ల మీద చేస్తే అమ్మలాగే మోకాళ్లు పట్టేస్తాయి నీకు. మూతలూ బోల్టులూ ఒక డబ్బాలో వెయ్యి, ఏది ఎక్కడిదో రాసిపెట్టు. ఆదివారం మొదలుపెట్టే ముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి. పూర్తయ్యాక కీ తిప్పి, దీపం ఆరాక మళ్లీ చెయ్యి. ఎంత రాత్రైనా మేలుకునే ఉంటాను.

నాన్న