మాట వినబడని వీడియోలు

సంపాదకులకు,

సెలవుల్లో తండ్రీకొడుకులు కలిసి పొలం వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు, సంతోషం. కానీ బొమ్మ బాగున్నా మాట వినబడక చాలావరకు చెడుతున్నాయి. గట్టు మీద గాలి నేరుగా మైకును కొడుతుంది. కాలర్ మైకుకు స్పాంజి తొడిగి, చొక్కా రెండో గుండీ దగ్గర తగిలించి, గాలికి వీపు పెట్టి మాట్లాడితే చాలా మేలు. నాన్న తీసిన క్లిప్పు ఎడిటింగ్‌కని కొడుక్కి వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి మసకబారుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపాలి, 2 జీబీ దాకా వెళ్తుంది. ఛానెల్ నాన్న ఖాతాలోనే ఉండాలి. 2025 జులై నుంచి 16 ఏళ్లలోపు వాళ్లు ఒంటరిగా లైవ్ పెట్టలేరు, పక్కన పెద్దవాళ్లు కనిపించాల్సిందే. అప్‌లోడ్‌కు ముందు స్కూలు బ్యాడ్జి, బండి నంబరు ఫ్రేములో పడ్డాయేమో ఇద్దరూ చూసుకోండి.

— ఒక పాఠకుడు, తెనాలి